క్రోధి నామ సంవత్సరంలో విన్న కచేరీలు: మంగళం దాకా ఎన్నింటికి కూర్చున్నాం?

కృష్ణలంక శ్రోత | 30 మార్చి 2025, రాత్రి 9:40

సభ్యులందరికీ విశ్వావసు నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు. నిరుటి ఉగాది నాడు ఒక చిన్న నోటుపుస్తకం కొని, ఆ రోజు నుంచి వెళ్లిన ప్రతి కచేరీకి ఒక పేజీ కేటాయించాలని నియమం పెట్టుకున్నాను. ఎవరు పాడారు, పక్కవాద్యాలు ఎవరు, ప్రధాన కృతి ఏ రాగంలో సాగింది, ఎన్ని గంటలకు మొదలై ఎన్నింటికి ముగిసింది, నేను ఎన్నింటికి లేచాను అన్నవి మాత్రమే రాశాను. అభిప్రాయాలు రాయలేదు, ఎందుకంటే కచేరీ అయిన గంటలో కలిగిన అభిప్రాయం మర్నాటికి నిలవదని నా అనుభవం.

ఈ ఉదయం పచ్చడి తిన్న తర్వాత పుస్తకం ముందు వేసుకుని లెక్క చూశాను. మొత్తం 43 కచేరీలు. విజయవాడలో 19, గుంటూరు, తెనాలి కలిపి 4, విశాఖపట్నంలో 4, హైదరాబాదులో 5, డిసెంబరులో మద్రాసులో మూడు రోజులకు 9, త్యాగయ్య గారి తిరువయ్యారులో 2. ఇంతవరకు సంతోషమే. అయితే చివరి గడి చూసినప్పుడు మనసు చివుక్కుమంది. 43లో మంగళం దాకా కూర్చున్నవి 26 మాత్రమే. మిగిలిన 17 కచేరీలలో ఎక్కడో ఒకచోట లేచి వచ్చేశాను.

దీనికి కారణాలు నాకు తోచినవి రెండు. మొదటిది చివరి బస్సు. రెండవది, మన తెలుగు సభలలో పాతుకుపోయిన సన్మానం. మా ఊళ్లోనే ఒక సభలో సాయంత్రం ఆరున్నరకు ఆరంభమని ఆహ్వానపత్రికలో అచ్చువేసిన కచేరీ, జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షుల వారి తొలిపలుకులు, ముగ్గురు దాతలకు శాలువాలు, ఆ ముగ్గురి ప్రసంగాలు పూర్తయిన తర్వాత 7:50కి మొదలైంది. తొమ్మిదికల్లా హాలు ఖాళీ చేయాలి. హైదరాబాదు నుంచి వచ్చిన గాయనికి మిగిలింది డెబ్బై నిమిషాలు. ఆమె కల్యాణి రాగం ఆలాపన అందుకుని తారస్థాయికి చేరబోతుండగా ఒక పెద్దాయన వేదిక పక్కన నిలబడి చేతిగడియారం చూపించారు. మృదంగ విద్వాంసునికి తని ఆవర్తనంగా, అంటే పాట ఆగాక లయవాద్యం ఒక్కటే వాయించే వంతుగా, దక్కింది నాలుగు నిమిషాలు.

దానికి పూర్తి భిన్నంగా, గుంటూరులో ఒక గుడి మండపంలో నలభై మంది ఎదుట జరిగిన కచేరీలో తోడి రాగాలాపన ఒక్కటే ఇరవై అయిదు నిమిషాలు సాగింది. శాలువా లేదు, ప్రసంగం లేదు. పూజారి గారు చివరలో తాంబూలం, దద్దోజనం ఇచ్చి పంపారు. ఏడాది మొత్తంలో నాకు గట్టిగా గుర్తున్నది అదే.

మీలో ఎవరైనా ఇలా లెక్క పెట్టుకున్నారా? మీరు చివరిదాకా ఎన్నింటికి కూర్చున్నారు, లేచిన చోట ఎందుకు లేచారు?

సభ కార్యదర్శి | 30 మార్చి 2025, రాత్రి 11:05

శ్రోత గారికి నమస్కారం. కోస్తాలో ఒక మధ్యతరహా పట్టణంలో పదిహేనేళ్లుగా ఒక చిన్న సభను నడుపుతున్న వాణ్ణి కనుక, శాలువాలు కప్పే పక్షాన నాలుగు మాటలు చెప్పవలసిన బాధ్యత నాపై ఉంది.

గాత్రం, వయొలిన్, మృదంగం అనే ముగ్గురికి సంభావన, రానుపోను ప్రయాణం, బస, భోజనం, హాలు అద్దె, మైకు సెట్టు, ఇవన్నీ ఎవరో ఒకరు భరించాలి. మన ఊళ్లలో కచేరీకి టిక్కెట్టు పెట్టే అలవాటు లేదు. మేము ఒక్కసారి సాహసించి వంద రూపాయల టిక్కెట్టు పెట్టాము. ఇరవై రెండు అమ్ముడుపోయాయి, అందులో ఆరు మా బంధువులే కొన్నారు. కాబట్టి ఖర్చు దాతల నుంచి రావాలి. దాత అడిగేది డబ్బుకు రశీదు కాదు, పది మంది ముందు ఒక శాలువా, రెండు నిమిషాలు మైకు. ఆ రెండు నిమిషాలు ఇరవై అవుతాయని మాకూ తెలుసు, కానీ మైకు పట్టుకున్న దాత చేతిలోంచి దాన్ని తీసుకోవడం మాత్రం మీరు ఊహించినంత సులభం కాదు. మీరు చెప్పిన ఆ సభలో గడియారం చూపించిన పెద్దాయన కూడా బహుశా హాలు వాచ్‌మన్‌తో అప్పటికే మూడుసార్లు మాటపడి ఉంటారు.

నా వైపు నుంచి కూడా ఒక లెక్క చెబుతాను. నిరుడు మేము పెట్టిన ఎనిమిది కచేరీలలో, ప్రధాన కృతిలో స్వరకల్పన ముగిసి గాయకులు తని ఆవర్తనానికి సైగ చేసిన క్షణంలో సగం హాలు లేచింది. ఎనిమిదింటిలోనూ అదే జరిగింది. వాళ్లలో శాలువాల వల్ల విసిగి లేచిన వారు ఎందరు, మృదంగం వంతు వచ్చిందని లేచిన వారు ఎందరు? శ్రోత గారూ, మీ పదిహేడు పేజీలను మరొకసారి చూసి, లేచిన సమయానికి వేదిక మీద ఏం జరుగుతున్నదో చెప్పగలరా?

ఎడంవైపు రవ్వ | 31 మార్చి 2025, ఉదయం 6:20

కార్యదర్శి గారు నా మనసులోని మాట అడిగారు. నేను మృదంగం నేర్చుకుంటున్న విద్యార్థిని, మా గురువు గారి వెనుక కూర్చుని ఈ ఏడాది ముప్ఫైకి పైగా కచేరీలు విన్నాను. వెనుక నుంచి చూసేవాడికి హాలు బాగా కనిపిస్తుంది. గాయకులు చేతితో సైగ చేయగానే ముందు వరుసలో ఒకరు చెప్పుల కోసం కాళ్లతో తడుముకుంటారు, ఆ తర్వాత వరుసలకు వరుసలు కదులుతాయి. మా గురువు గారు తల ఎత్తరు. ఎత్తితే నడక చెడుతుందని అంటారు.

సన్మానం గురించి ఒక సాంకేతిక విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది సభల వారికి నిజంగా తెలియదని నా అనుమానం. మృదంగానికి ఎడమ ముఖం మీద నాదం బరువుగా పలకడానికి తడి రవ్వ ముద్దను కచేరీకి ముందు అద్దుతారు. అది ఆరితే గుమికి, అంటే ఎడమ ముఖం మీద జారే బరువైన నాదం, పలకదు. కచేరీ మధ్యలో, అంటే మూడో కృతి తర్వాత, ‘ఒక్క అయిదు నిమిషాలు’ అని వేదికెక్కి ఇరవై అయిదు నిమిషాలు సన్మానం జరిపితే, ఏసీ గాలికి ఆ రవ్వ ఆరిపోతుంది, కుడివైపు చర్మం బిగుసుకుని శ్రుతి కూడా కదులుతుంది. మళ్లీ నీళ్లతో తడిపి, రాయితో అంచులు కొట్టి శ్రుతి చేసుకోవాలి. ఆ టకటకలు విని ‘ఇంకా శ్రుతి చేసుకుంటూనే ఉన్నారేమిటి’ అని విసుక్కునేది కూడా ఆ హాలువారే. కాబట్టి శాలువాలు తప్పవనుకుంటే మొదట్లోనో చివరనో కప్పండి, మధ్యలో మాత్రం వద్దు.

తని అర్థం కాదనే వారికి చిన్న మనవి. ఆది తాళమైతే ఎనిమిది అక్షరాలు చేతితో వేస్తూ కూర్చోండి, అంతకు మించి ఏమీ తెలియనక్కరలేదు. కాసేపటికి చతురశ్ర నడ నుంచి తిశ్ర నడకు మారినప్పుడు, మీ చేయి అదే వేగంతో పడుతున్నా మధ్యలోని అడుగులు నాలుగుకు బదులు మూడవుతున్నాయని మీకే తెలుస్తుంది. ఘటమో కంజీరయో తోడుంటే ఇద్దరూ వంతులు వేసుకుంటూ ఆవర్తం నుంచి సగానికి, సగం నుంచి పావుకు తగ్గిస్తూ వస్తారు. చివరికి మోహరా వచ్చిందంటే ముగింపు దగ్గరపడినట్లు. ఆ పైన ఒకే అల్లిక మూడుసార్లు వచ్చి, గాయకులు మళ్లీ పల్లవి ఎత్తుకునే చోట సరిగ్గా వాలుతుంది. ఆ వాలే క్షణం కోసమే అంతసేపూ కట్టుకుంటూ వచ్చేది. అది వినకుండా వెళ్లడమంటే పెళ్లిలో అన్నీ చూసి తాళి కట్టే వేళకు భోజనాల వైపు నడవడం వంటిది.

గంటస్తంభం | 31 మార్చి 2025, ఉదయం 10:15

విజయనగరం నుంచి. వీణ నేర్పుతూ ఉద్యోగ విరమణ చేసిన దానను. 1919లో మా ఊళ్లో సంగీత కళాశాల పెట్టినప్పుడు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రధానాచార్యులు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఆచార్యులు. ఆ గోడల మధ్య చదువుకున్నాను కనుక సంగీతాన్ని మైకు లేకుండా వినడం నాకు చిన్నప్పటి అలవాటు. ఇప్పుడు అది అరుదైపోయింది.

నేను ఈ ఏడాది వెళ్లినవి పదకొండే. మోకాళ్లు అంతకంటే ఒప్పుకోలేదు. వాటిలో మూడింటి నుంచి మధ్యలో వచ్చేశాను, మూడింటికీ కారణం శబ్దం. వీణ నాదం సహజంగా చిన్నది, దానికి తీగల దగ్గర ఒక పికప్ తగిలించి, హాలు చివరి దాకా వినిపించాలని పెంచుతారు. అప్పుడు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి చేసిన ఏకాండి వీణ కూడా రేకు మీద గోరుతో గీసినట్లు మోగుతుంది. మెట్టును మైనంలో నిలబెట్టి, తీగను పక్కకు లాగి ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జార్చే గమకంలోని మెత్తదనమంతా ఆ డబ్బాలో పోతుంది.

జనవరిలో ఒక శిష్యురాలి ఇంటి హాలులో ముప్ఫై మందిమి కింద చాపల మీద కూర్చుని వీణ విన్నాము. మైకు లేదు. మొదటి పది నిమిషాలు చెవులు రిక్కించవలసి వచ్చింది, ఆ తర్వాత గదే సద్దుమణిగింది. బయట ఆటో వెళ్లినప్పుడు విద్వాంసురాలు ఆగి, అది మలుపు తిరిగాక మళ్లీ అందుకున్నారు. రెండు గంటల ఇరవై నిమిషాలలో ఒక్కరు కూడా లేవలేదు. గడప చిన్నది, లేచినా అందరినీ దాటి వెళ్లాలి, అదీ ఒక కారణమే అనుకోండి.

మూసీ తీరం | 31 మార్చి 2025, మధ్యాహ్నం 2:30

నేను హిందుస్తానీ వినేవాణ్ణి. పండిత్ జస్‌రాజ్ తన తండ్రి మోతీరామ్, అన్న మణిరామ్ పేరిట హైదరాబాదులో నడిపించిన సంగీత సమారోహ్ వంటివి ఈ ఊరి శ్రోతలకు హిందుస్తానీ గాన పద్ధతి అయిన ఖయాల్‌ను అలవాటు చేశాయి. అక్కడ తని ఆవర్తనం అన్న ఘట్టమే లేదు కనుక గుంపుగా లేవడానికి సంకేతం కూడా లేదు. అయినా లేస్తారు. విలంబిత ఏకతాళంలో గాయకుడు రెండు పంక్తుల బందిష్‌ను నలభై నిమిషాలు విప్పుతుంటే, మొదటి పావుగంటలోనే ఫోను వెలుగులు మొదలవుతాయి.

ఒక్క సాయంత్రం మాత్రం ఎవరూ కదలలేదు. డిసెంబరు 15న తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ మరణించారన్న వార్త వచ్చిన వారంలో ఇక్కడ జరిగిన ఒక కర్ణాటక కచేరీకి మిత్రులు తీసుకెళ్లారు. మృదంగ విద్వాంసుడు తన తని ఆవర్తనాన్ని ఆయనకు అర్పిస్తున్నానని ఒకే వాక్యం చెప్పి మొదలుపెట్టారు. పద్దెనిమిది నిమిషాలు సాగింది. తాళం తెలిసినవారు ఆ హాలులో ఎందరో చెప్పలేను గానీ, అందరూ కూర్చున్నారు. ఎవరిని తలుచుకుంటూ వింటున్నామో తెలిసినందువల్లేమో. మరుసటి వారం అదే హాలులో మళ్లీ మామూలే.

అలిపిరి మెట్లు | 31 మార్చి 2025, సాయంత్రం 5:50

తిరుపతిలో ఉంటాను, మహతి ఆడిటోరియానికి నడిచి వెళ్లేంత దూరం. నా లెక్కలో ఎక్కువ భాగం అన్నమాచార్య సంకీర్తనలే. ఒక్కొక్కటి అయిదారు నిమిషాలలో ముగుస్తుంది, మాట తేటగా వినపడుతుంది, అందువల్ల మధ్యలో లేచేవారు తక్కువ.

మాకు ఈ ఏడాది ఒక లోటుతో ముగిసింది. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు మార్చి 9న ఇక్కడే కన్నుమూశారు. 1922లో తిరుమల సంకీర్తన భాండారం నుంచి బయటపడిన అన్నమయ్య పాటల రాగిరేకుల మీద రాగం పేరు ఉంటుంది గానీ స్వరం ఉండదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు వంటి పెద్దల తర్వాత ఆ మాటలకు బాణీలు కట్టి మా ఇళ్లలోకి తెచ్చిన వారిలో ఆయనది మొదటి వరుస. ఆయన పోయిన రెండు వారాలకు ఫాల్గుణ బహుళ ద్వాదశి, అన్నమయ్య వర్ధంతి వచ్చింది. సప్తగిరి సంకీర్తనల గోష్ఠిగానంలో నేనూ గొంతు కలిపాను. పాడేవాడికి లేచిపోయే ప్రశ్నే రాదు. శ్రోత గారి తిరువయ్యారు పేజీ కూడా అలాంటిదేనని నా ఊహ.

ఈస్టరు రసికుడు | 1 ఏప్రిల్ 2025, ఉదయం 7:45

అమెరికాలో ఒహాయో పక్క రాష్ట్రం నుంచి రాస్తున్నాను. మా సంగీత సంవత్సరం ఉగాదికి కాక ఈస్టరుకు మొదలవుతుంది, ఎందుకంటే 1978 నుంచి క్లీవ్‌లాండ్‌లో త్యాగరాజ ఆరాధన ఆ రోజులలోనే జరుగుతున్నది. అయిదు గంటలు కారు నడిపి వచ్చినవాడు తని ఆవర్తనానికి లేచి ఎక్కడికి వెళతాడు? బయట చలి. కాబట్టి మా హాజరును భక్తి కిందో రసికత్వం కిందో జమకట్టకండి.

ఒక్కటి మాత్రం అక్కడ గమనించాను. నా పక్కన కూర్చున్న తమిళ మిత్రులు తొడమీద తాళం తప్పకుండా వేస్తారు, కోర్వై, అంటే తని చివర మూడుసార్లు వచ్చే అల్లిక, ఎక్కడ మొదలైందో నాకు వేలితో చూపిస్తారు. కానీ వరాళి రాగంలోని త్యాగరాజ పంచరత్న కీర్తన వచ్చినప్పుడు ‘కన కన’ అంటే ‘చూడగా చూడగా’ అని నేను చెబితే ఆశ్చర్యపోయారు. బంగారం గురించిన పాట అని ఇన్నాళ్లూ అనుకున్నారట. వారి లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, పాటల పుస్తకాలలో అక్షరం పక్కన అంకె వేసి తేడా చూపుకుంటారు. పదం ఎక్కడ విరగాలో మాత్రం అంకె చెప్పదు. మాట మన దగ్గర ఉంది, లెక్క వాళ్ల దగ్గర ఉంది.

కృష్ణలంక శ్రోత | 1 ఏప్రిల్ 2025, రాత్రి 10:20

కార్యదర్శి గారు అడిగిన ప్రకారం పదిహేడు పేజీలనూ ఈ సాయంత్రం తిరగేశాను. లేచిన సమయం రాసి ఉంది కనుక, కచేరీ ముగిసిన సమయంతో పోల్చి, కృతుల క్రమం చూసి, అప్పుడు వేదిక మీద ఏం జరుగుతున్నదో రాబట్టగలిగాను.

నిజంగా బస్సు కోసం లేచినవి మూడు, మూడూ తెనాలి, గుంటూరులవే. సన్మానం మూలంగా విసిగి, కచేరీ మొదలు కాకముందే వచ్చేసినవి రెండు. జ్వరంతో వచ్చేసింది ఒకటి. మిగిలిన పదకొండూ తని ఆవర్తనం వేళ లేచినవే. వాటిలో నాలుగు మద్రాసువి. మైలాపూరులో ఒక సభ నుంచి మరొక సభకు పరుగెత్తి, ఒకే రోజున నాలుగు కచేరీలు విన్నానని చెప్పుకోవాలన్న యావలో, ప్రతిచోటా మృదంగం అందుకోగానే బయటికి నడిచాను. సభ క్యాంటీనులో కాఫీ తాగడానికి మాత్రం ప్రతిచోటా తీరిక దొరికింది, అదీ పుస్తకంలో ఉంది. మిగిలిన ఏడూ విజయవాడవి. మా ఇంటికి బస్సు అవసరమే లేదు. తుమ్మలపల్లి కళాక్షేత్రం నుంచి ఆటోలో పది నిమిషాలు.

అంటే నేను మొదటి టపాలో రాసిన రెండు కారణాలు కలిపి అయిదు కచేరీలకే సరిపోతాయి. నాలుగు నిమిషాల తని అని మీ అందరి ముందూ వాపోయిన ఆ కచేరీలో కూడా, ఆ నాలుగు నిమిషాలు మొదలైనప్పుడు నేను మెట్లు దిగుతున్నాను. వ్యవధి మర్నాడు ఒక మిత్రుడు చెబితే రాసుకున్నది. ఎడంవైపు రవ్వ గారిని, వారి గురువు గారిని ఇందుకు క్షమాపణ అడుగుతున్నాను.

ఎందుకు లేచానని ఆలోచిస్తే, ఈస్టరు రసికుడు గారి మాట దగ్గర ఆగాను. నాకు త్యాగయ్య గారి మాట తెలుసు. నెరవులులో ఒకే పాదాన్ని గాయకులు పదిసార్లు తిప్పితే, పదిసార్లూ ఆ మాటకు ఎక్కడ కొత్త బరువు వచ్చిందో నాకు తెలుస్తుంది. మాట ఆగిపోయి లయ ఒక్కటే మిగిలినప్పుడు, ‘నా పని అయిపోయింది’ అని కాళ్లు వాటంతటవే లేచాయి. జనవరి 18న తిరువయ్యారులో, త్యాగయ్య గారికి నాగరత్నమ్మ గారు కట్టించిన సమాధి మందిరం ముందు, అయిదు పంచరత్న కీర్తనలూ అందరితో కలిసి పాడినప్పుడు అలిపిరి మెట్లు గారు ఊహించినట్లే కదలలేదు. అక్కడ ఆసాంతం మాటే కదా. గుంటూరు తోడి కచేరీలో తని ముగిసే దాకా ఉన్నాను, కానీ అది దద్దోజనం కోసం కాదని గట్టిగా చెప్పలేను.

మూసీ తీరం | 1 ఏప్రిల్ 2025, రాత్రి 10:50

నోటుపుస్తకం కొనాలన్న ఉద్దేశం నాకూ ఉండేది. ఇది చదివాక విరమించుకున్నాను.

ఎడంవైపు రవ్వ | 2 ఏప్రిల్ 2025, ఉదయం 6:05

క్షమాపణ ఎందుకండీ. మీ టపాను గురువు గారికి చదివి వినిపించాను. ఆయన నవ్వి, పూర్వం గంటల తరబడి రాగం, పల్లవి సాగే రోజులలోనూ తని వేళ తాంబూలానికి లేచేవారు ఉండేవారని తమ గురువు గారు చెప్పేవారన్నారు. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ కచేరీని వర్ణంతో మొదలుపెట్టి, చిన్నా పెద్దా కృతులతో చురుకుగా నడిపే పద్ధతిని స్థిరపరిచిన తర్వాత, ఆ లేవడానికి ఒక నియమిత సమయం కూడా ఏర్పడిందని ఆయన చమత్కారం. మీరు ఈసారి ఒక్క కచేరీలో చేతితో తాళం వేస్తూ కూర్చుని, ఎక్కడ తప్పారో రాయండి. తప్పడం తప్పు కాదు, నేను వారానికి రెండుసార్లు తప్పుతాను.

గంటస్తంభం | 2 ఏప్రిల్ 2025, ఉదయం 9:30

బాబూ రవ్వా, మీ గురువు గారిని తల ఎత్తి చూడమని చెప్పు. కూర్చున్నవాళ్లూ ఉంటారు.

సభ కార్యదర్శి | 2 ఏప్రిల్ 2025, రాత్రి 8:15

నిన్న మా కార్యవర్గ సమావేశంలో ఈ చర్చను చదివి వినిపించాను. రవ్వ ఆరిపోతుందన్న సంగతి మాలో ఎవరికీ తెలియదు, సభ పెట్టిన పెద్దలకు కూడా. శ్రీరామనవమి కచేరీలో దాతల సన్మానం మధ్యలో ఉండదని తీర్మానించాము. మొదట్లో పెడితే శ్రోత గారు మెట్లు దిగుతారు, చివర పెడితే దాతలు ఖాళీ కుర్చీలకు నమస్కారం చేయవలసి వస్తుంది. చాలా వాదన జరిగిన తర్వాత, గాయకులు వేదికెక్కే ముందు శాలువాలు మాత్రం కప్పి, ప్రసంగాలను మంగళం తర్వాతకు వాయిదా వేశాము. ఒక దాత అలిగారు. ఆయన ఇంటికి రేపు వెళుతున్నాను.

తని ఆవర్తనానికి పన్నెండు నిమిషాలు తగ్గకూడదని గాయకులకు ముందే చెప్పాను. మా ఊరు విజయవాడ నుంచి రైలులో గంటన్నర, తిరుగు రైలు రాత్రి 9:55కు ఉంది. శ్రోత గారు వస్తానంటే మూడో వరుసలో, నడవకు దూరంగా, మధ్య కుర్చీ ఆపి ఉంచుతాను.

కృష్ణలంక శ్రోత | 2 ఏప్రిల్ 2025, రాత్రి 8:40

వస్తున్నాను. కొత్త పుస్తకంలో ఒక గడి పెంచాను: ‘తాళం ఎక్కడ తప్పాను’. మధ్య కుర్చీయే ఉంచండి.